రాత్రి గగనంలో హెలికాప్టరు: చేతినేర్పు, యంత్రసహాయం

రాజపాళయం పక్కన నిలిచిన సంజీవి కొండను గురించి తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటి ఉంది. యుద్ధభూమిలో మూర్ఛిల్లిన లక్ష్మణుని కోసం హనుమంతుడు ఓషధీపర్వతాన్ని పెకలించి ఆకాశమార్గాన కొనిపోతుండగా అందులో ఒక తునక ఇక్కడ జారిపడిందట. సూర్యోదయం కాకముందే మందు చేరాలి గనుక ఆ ప్రయాణం రాత్రివేళ సాగిందని పెద్దలు చెబుతారు. కథ వినే పిల్లలు ఈ చిన్న వివరాన్ని పట్టించుకోరు. కాని ప్రాణరక్షణకై సాగే గగనయానానికి అసలైన పరీక్ష రాత్రివేళనే ఎదురవుతుందని మానవజాతి గ్రహించడానికి చాలా కాలం పట్టింది. ఆ గ్రహింపునకు చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు.

ఈ విషయం మన ప్రాంతానికి దూరపు సంగతి కాదు. శ్రీవిల్లిపుత్తూరు అడవులు, మేఘమలై కొండలు ఒకే పర్వతశ్రేణిలోనివి. 2021లో ఆ రెంటినీ కలిపి ఒకే పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అదే శ్రేణికి ఉత్తరంగా, తేని జిల్లా బోడినాయకనూరు సమీపాన కురంగణి ఉంది. 2018 మార్చి 11వ తేదీ ఆదివారం నాడు చెన్నై, ఈరోడు, తిరుప్పూరు ప్రాంతాల నుంచి కొండనడకకు వచ్చిన యువతీయువకులు అక్కడ దావానలంలో చిక్కుకున్నారు. వైమానికదళ సహాయం కోరారు, హెలికాప్టర్లు కదిలాయి. కాని పొద్దు వాలింది. చీకటిలో, పొగలో, ఆ నిటారు వాలుల మీది నుంచి మనుషులను పైకెత్తే పని సాగలేదు. అటవీ సిబ్బంది, చుట్టుపక్కల గ్రామాలవారు జోలెలు కట్టి, కాలినడకన, రాతిబాటల వెంట క్షతగాత్రులను దించారు. తెల్లవారిన తరువాతనే హెలికాప్టర్లు తమ పని చేయగలిగాయి. ఆ దుర్ఘటనలో ఇరవై మందికి పైగా మరణించారు.

ఇంత విజ్ఞానం పెరిగిన కాలంలో హెలికాప్టరు రాత్రిపూట ఎందుకు దిగలేకపోయిందని నాడు అనేకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం హెలికాప్టరు చరిత్రలో ఉంది.

రెక్కల విమానానికి సహజంగా ఒక నిలకడ ఉంటుంది. చక్కగా సమతూకం చేసిన విమానాన్ని కొంతసేపు వదిలివేసినా అది తన దారిన పోతుంది. హెలికాప్టరుకు ఆ గుణం లేదు. పైలట్ ఎడమచేతితో పట్టుకొనే మీట యంత్రాన్ని పైకి లేపుతుంది, దించుతుంది. కుడిచేతిలోని కర్ర దానిని ముందుకో వెనుకకో పక్కకో వంచుతుంది. రెండు పాదాల కింది పెడళ్లు ముక్కును తిప్పుతాయి. వీటిలో ఏ ఒక్కదానిని కదిపినా తక్కినవాటిని సరిచేయక తప్పదు. గాలిలో ఒకేచోట నిలవడమంటే క్షణక్షణం జరిగే చిన్నచిన్న దిద్దుబాట్ల సమాహారమే. ఈగర్ సికోర్‌స్కీ 1939 సెప్టెంబరు 14న తన యంత్రాన్ని మొదటిసారి నేల నుంచి లేపినప్పుడు అది ఎక్కడికో ఎగిరిపోకుండా తాళ్లతో కట్టి ఉంచవలసివచ్చింది. తాళ్లు తీసివేసిన తరువాత వాటి స్థానంలో నిలిచింది పైలట్ చేతినేర్పే.

ఆ నేర్పు ఎంతటిదో లోకానికి మన పొరుగుదేశంలోనే తెలిసింది. 1944 ఏప్రిల్‌లో, బర్మా అడవులలో, శత్రుసేనల నడుమ చిక్కుకున్న గాయపడిన సైనికులను కార్టర్ హర్మన్ అనే అమెరికన్ లెఫ్టినెంటు సికోర్‌స్కీ హెలికాప్టరులో ఒక్కొక్కరిని చొప్పున బయటికి చేర్చాడు. వేడిగాలిలో ఆ చిన్న ఇంజనుకు అంతకు మించిన బరువు మోసే శక్తి లేదు. యుద్ధరంగంలో హెలికాప్టరు జరిపిన తొలి రక్షణకార్యంగా చరిత్ర దీనిని లెక్కిస్తుంది. అది జరిగింది పగటివేళ. పైలట్‌కు చెట్లు కనిపించాయి, నేల కనిపించింది, ఆకాశమూ భూమీ కలిసే గీత కనిపించింది.

అసలు కీలకం ఆ గీతలోనే ఉంది. మనిషి తాను నిటారుగా ఉన్నాడా వంగి ఉన్నాడా అని తెలుసుకొనేది ముఖ్యంగా కంటితో. చెవి లోపల అర్ధవలయాకారపు నాళాలలో ఉండే ద్రవం కూడా ఆ పనికి తోడ్పడుతుంది గాని అది నమ్మదగిన సాక్షి కాదు. పిల్లలు కళ్లు మూసుకొని గిరగిర తిరిగి హఠాత్తుగా ఆగితే లోకమంతా ఎదురుదిక్కుగా తిరుగుతున్నట్లు తోస్తుంది. ద్రవం ఇంకా కదులుతూనే ఉండడం దీనికి కారణం. మెల్లగా, ఒకే వేగంతో తిరిగితే అసలు తిరుగుతున్నట్లే తెలియదు. చీకటిలోనో మేఘంలోనో చిక్కిన పైలట్‌కు సరిగ్గా ఇదే జరుగుతుంది. యంత్రం ఒకవైపు ఒరుగుతుంటే అతని దేహం మాత్రం సమంగా ఉన్నానని సాక్ష్యం చెబుతుంది. దానిని నమ్మి అతడు చేసే దిద్దుబాటు అపాయాన్ని మరింత దగ్గర చేస్తుంది.

1929 సెప్టెంబరు 24న జేమ్స్ డూలిటిల్ అనే అమెరికన్ వైమానికుడు కప్పివేసిన కాక్‌పిట్‌లో కూర్చొని, పరికరాలను మాత్రమే చూస్తూ ఒక విమానాన్ని లేపి, తిప్పి, దించి చూపాడు. కృత్రిమ క్షితిజరేఖను చూపే పరికరం అప్పటికి కొత్తది. దేహం చెప్పేదానిని తోసిపుచ్చి ముల్లు చెప్పేదానిని నమ్మడమనే విద్య ఆనాడు పుట్టింది. అది లేనివారి గతి ఏమిటో 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరీక్షించింది. పరికరాల శిక్షణ లేని ఇరవై మందిని మేఘంలో ఉన్నట్టి పరిస్థితిలో ఉంచి చూశారు. ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో నిలుపుకోలేదు. అదుపు తప్పడానికి పట్టిన సగటు కాలం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. అవి తమంత తాము నిలకడగా పోగల రెక్కల విమానాలు. చేయి వదిలితే ఒరిగిపోయే హెలికాప్టరులో అంత వ్యవధి కూడా దొరుకుతుందని చెప్పలేము.

చీకటిని జయించాలన్న పట్టుదల సైన్యాలకు ముందుగా కలిగింది. 1980 ఏప్రిల్ 24 రాత్రి ఇరాన్‌లో బందీలను విడిపించడానికి అమెరికా పంపిన ఎనిమిది హెలికాప్టర్లు ఎడారిలో ధూళిమేఘాలలో చిక్కుకున్నాయి. మూడు యంత్రాలు పనికిరాకపోగా ప్రయత్నాన్ని విరమించారు. తిరుగుముఖం పట్టే వేళ, ఒక హెలికాప్టరు తన రెక్కలు లేపిన దుమ్ములో దారి తప్పి, ఇంధనం నింపుకొని నిలిచిన రవాణా విమానాన్ని ఢీకొంది. ఎనిమిది మంది మరణించారు. రాత్రి యానానికి ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక దళం అవసరమని ఆ దేశం అప్పుడు గుర్తించింది, మరుసటి సంవత్సరమే ఆ దళాన్ని ఏర్పరచింది. నక్షత్రకాంతిని వేలరెట్లు పెంచి చూపే రాత్రిదృష్టి అద్దాలు కూడా క్రమంగా వ్యాపించాయి. అవి వరమే గాని పరిమితమైన వరం. మామూలు చూపు రెండు పక్కలకూ విశాలంగా విస్తరిస్తుంది. ఆ అద్దాలలో కనిపించేది సుమారు నలభై డిగ్రీల ఇరుకు వలయం. రెండు అట్టగొట్టాలలోంచి లోకాన్ని చూసినట్లుంటుంది. లోతు, దూరం సరిగా అంచనాకు రావు. సన్నని కరెంటు తీగలు వాటికీ కనిపించకపోవచ్చు. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టరు ఒక ప్రయాణికుల విమానాన్ని ఢీకొని 67 మంది మరణించినప్పుడు, ఆ హెలికాప్టరు తనకు విధించిన 200 అడుగుల పరిమితిని దాటి ఎగురుతున్నదని తేలింది. అలవాటైన దారి, శిక్షణ పొందిన సిబ్బంది, దీపాలతో వెలిగే మహానగరం ఉండి కూడా ఆ ప్రమాదం తప్పలేదు.

చేతినేర్పుకు తోడుగా వచ్చిన రెండవ సహాయం స్వయంచాలక యంత్రం, అంటే ఆటోపైలట్. రెక్కల విమానాలకు ఇది ఎన్నడో వచ్చింది. హెలికాప్టర్లకు వచ్చేసరికి మొదట ఒరుగుళ్లను సరిదిద్దే చిన్న సాధనాలుగా ప్రవేశించి, తరువాత ఎత్తును, దిశను, వేగాన్ని, నిలువు గమనాన్ని తానే పట్టుకోగల యంత్రంగా ఎదిగింది. రాత్రివేళ సముద్రం మీద గంటల తరబడి ఎగిరే పైలట్‌కు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. కాని ఊరటతో పాటు ఒక కొత్త అపాయం కూడా వచ్చింది, అది వచ్చిన తీరు విచిత్రమైనది.

ఉత్తర సముద్రంలో చమురు వేదికలకు సిబ్బందిని చేరవేసే సూపర్ ప్యూమా హెలికాప్టర్ల చరిత్రలో రెండు సంఘటనలు ఉన్నాయి. 2009 ఫిబ్రవరి 18 రాత్రి ఒక అధునాతన హెలికాప్టరు వేదికను సమీపిస్తూ నేరుగా నీటిలో దిగింది. పైలట్లకు వేదిక దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. చుట్టూ చీకటి, మంచు. వాటి నడుమ ఒక వెలుగు గుంపు. ఆ వెలుగుతో పోల్చి తాము ఎక్కడ, ఎంత ఎత్తున ఉన్నామని వేసుకున్న అంచనా తప్పింది. అదృష్టవశాత్తు అందులోని 18 మందీ బయటపడ్డారు. 2013 ఆగస్టు 23న షెట్లండ్ దీవులలోని సంబరో వద్ద జరిగినది అంత అదృష్టకరం కాదు. అది సాయంకాలం, మేఘాలు కమ్మిన వేళ. ఆటోపైలట్‌కు దిగే వేగాన్ని అప్పగించారు. ముందుకు పోయే వేగాన్ని మాత్రం పైలట్లు తామే చూసుకోవాలి. ఆ వేగం తగ్గుతూ వచ్చింది. యంత్రం తనకు అప్పగించిన పనిని విధేయతతో నెరవేర్చడానికి ముక్కును పైకి ఎత్తుతూ పోయింది, వేగం మరింత పడిపోయింది. పరికరాల ముల్లులు ఈ సంగతి చూపుతూనే ఉన్నాయి, చూడవలసిన కళ్లు మాత్రం సకాలంలో చూడలేదు. నలుగురు ప్రయాణికులు మరణించారు. విచారణ జరిపిన బ్రిటిష్ అధికారులు యంత్రంలో లోపమేదీ చూపలేదు, పరికరాలపై నిఘా చాలలేదన్నారు.

ఇక్కడ తెలియవలసింది ఒకటుంది. ఆటోపైలట్ పైలట్ పనిని తగ్గించలేదు, మార్చింది. చేతులతో చేసే పని కళ్లతో, మనసుతో చేసే కావలిగా మారింది. కావలి కాయడం మనిషి స్వభావానికి అంత సులువు కాదు. పరీక్ష గదిలో మూడు గంటలు ఊరక పర్యవేక్షించడం రాయడం కన్నా కష్టమని ఏ ఉపాధ్యాయుడైనా ఒప్పుకుంటాడు. పైగా వాడని చేయి మొద్దుబారుతుంది. 2013 జనవరిలో అమెరికా విమానయాన అధికారులు, పైలట్లకు తమ చేతులతో విమానం నడిపే అవకాశాలు తరచు కల్పించాలని విమానసంస్థలకు హితవు చెప్పవలసివచ్చింది.

ఇక తెలుగువారి జ్ఞాపకంలో నిలిచిన దుర్ఘటనలు మూడున్నాయి. మూడూ పగటివేళ జరిగినవే అయినా చీకటి కథకు దగ్గరివే, ఎందుకంటే మేఘం కమ్మితే పగలు కూడా రాత్రే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి ప్రయాణిస్తుండగా, మంచు కమ్మి చూపు ఆనని వేళ, ఆయన హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు సమీపాన చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, భద్రతాధికారి మరణించారు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో అదృశ్యమైంది. రెండు ఇంజన్లు, వాతావరణ రాడారు, ఇద్దరు అనుభవజ్ఞులైన పైలట్లు ఉన్న యంత్రమది. ఇరవైనాలుగు గంటల వెతుకులాట తరువాత రుద్రకొండపై శకలాలు కనిపించాయి. అయిదుగురూ మరణించారు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణసంఘం చెప్పినదానిని శ్రద్ధగా చదవాలి. దారిలో దట్టమైన మేఘాలున్నాయి. అదే సమయంలో ట్రాన్స్‌మిషన్ చమురు ఒత్తిడికి సంబంధించిన సమస్య ఒకటి తలెత్తగా, పైలట్లు దాని పరిష్కారం కోసం సూచనల పుస్తకంలో వెతుకుతూ విలువైన నిమిషాలు వెచ్చించారు. ఆ నిమిషాలలో హెలికాప్టరు మార్గం మార్చుకోకుండా తీవ్రమైన వాతావరణంలోకి పోయి, కిందికి తోసే గాలిలో అదుపు తప్పింది. యంత్రం ఇచ్చిన ఒక సమాచారాన్ని అర్థం చేసుకొనే ప్రయత్నంలో, అది చూపుతున్న మరొక సమాచారం వెనుకబడిపోయిందన్న మాట.

మూడవది తమిళనాడులోనే జరిగింది. 2021 డిసెంబరు 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్‌కు జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన ఎంఐ-17 వీ5 హెలికాప్టరు కూనూరు సమీపాన కొండను ఢీకొంది. అందులోని 14 మందిలో ఎవరూ చివరికి బతకలేదు. వారిలో నాటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ ఒకరు. త్రివిధ దళాల విచారణ యంత్రలోపాన్ని, విద్రోహాన్ని తోసిపుచ్చింది. లోయలో వాతావరణం అనుకోకుండా మారగా హెలికాప్టరు మేఘంలో ప్రవేశించి, పైలట్ దిగ్భ్రమకు లోనై, అదుపులో ఉన్న యంత్రమే కొండను తాకిందని తేల్చింది. అదుపులో ఉన్న యంత్రం అన్న మాట గమనించదగినది. ఇంజను నడుస్తోంది, రెక్కలు తిరుగుతున్నాయి, చేతులు సరిగానే పనిచేస్తున్నాయి. ఎక్కడ ఉన్నామన్న ఎరుక మాత్రం తప్పింది. పడమటి కనుమల మేఘం ఎంత వేగంగా దిగుతుందో అయ్యనార్ కోవిల్ వాగు వైపు వర్షాకాలంలో నిలబడి చూసినవారికి వివరించనక్కరలేదు.

భారతదేశంలో కంటిచూపు ఆధారంగా సాగే విమానయానాన్ని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు సామాన్యంగా అనుమతించరు. ఈ నియమాన్ని అధికారుల చాదస్తంగా భావించేవారున్నారు. కాని రాత్రి యానం ఎంత కఠినమో నేర్చుకోవడమే ప్రాణాంతకమైన సందర్భాలున్నాయి. 2015 నవంబరు 4 రాత్రి ముంబై తీరానికి దూరంగా, సముద్రంలోని చమురు వేదికపై రాత్రి దిగే శిక్షణలో ఉన్న పవన్‌హంస్ హెలికాప్టరు అరేబియా సముద్రంలో కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు. 2024 సెప్టెంబరు 2 రాత్రి, పోర్‌బందర్ తీరాన ఒక ఓడలో గాయపడిన నావికుని తీసుకురావడానికి వెళ్లిన తీరరక్షకదళ హెలికాప్టరు సముద్రంలో పడి, నలుగురు సిబ్బందిలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఒకరిని కాపాడబోయి ముగ్గురు!

రాజపాళయానికి ఈ కథలో ఒక చిన్న పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. హెలికాప్టరులో ప్రతి ముఖ్యభాగానికి ఒక ఆయుర్దాయం ఉంటుంది. ఇన్ని గంటలు ఎగిరిన తరువాత ఈ రెక్కను, ఈ గేరును, ఈ కీలును తప్పక తీసివేయాలని తయారీదారు నిర్ణయిస్తాడు. వందల యంత్రాలు, ఒక్కొక్కదానిలో వేల భాగాలు. ఏది ఎన్ని గంటలు తిరిగిందో కాగితంపై లెక్క ఉంచడం మానవమాత్రులకు అసాధ్యం కాకున్నా తప్పులకు తావిచ్చేదే. పి.ఎ.సి. రామసామి రాజా ఈ ఊరిలో నూలుమిల్లుతో ప్రారంభించిన సంస్థల కుటుంబం నుంచే వచ్చిన రామ్‌కో సిస్టమ్స్, చెన్నై కేంద్రంగా, ఈ లెక్కలను చూసే కంప్యూటరు వ్యవస్థలను రూపొందించింది. చమురు వేదికలకు, అత్యవసర వైద్యానికి హెలికాప్టర్లు నడిపే పెద్ద విదేశీ సంస్థలు వాటిని వాడుతున్నాయి. నూలు కండెల లెక్క నుంచి రెక్కల గంటల లెక్క వరకు సాగిన ఈ ప్రయాణం ముచ్చటైనదే. మరచిపోవడమన్నది ఎరుగని ఇట్టి యంత్రస్మృతి నిస్సందేహంగా ప్రాణాలు కాపాడుతుంది. అయితే అది చేసేది నేల మీది పని. చీకటిలో వెనుదిరగాలా వద్దా అన్న నిర్ణయం ఆ లెక్కలో లేదు.

2022 ఫిబ్రవరి 5న అమెరికాలో ఒక బ్లాక్‌హాక్ హెలికాప్టరు లోపల ఒక్క మనిషి కూడా లేకుండా సుమారు అరగంట ఎగిరి దిగింది. ఇక పైలట్ అక్కరలేదని కొందరు ఉత్సాహపడ్డారు. ముందుముందు ఏమవుతుందో గాని, ఇప్పటికి రాత్రివేళ రోగులను మోసే హెలికాప్టర్ల సంగతి వేరుగా ఉంది. అమెరికాలో వైద్య హెలికాప్టర్లకు 2008 మునుపెన్నడూ లేనంత ప్రాణాంతకమైన సంవత్సరం. సుదీర్ఘమైన విచారణల తరువాత 2014లో వచ్చిన నియమాలు యంత్రాన్నీ మనిషినీ కూడా తాకాయి. నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరం ఉండాలన్నాయి. దానితో పాటు, పైలట్ పరికరాల ఆధారంగా నడపడంలో అర్హత పొందినవాడై ఉండాలనీ, అనుకోకుండా మేఘంలో చిక్కితే బయటపడడం పరీక్షాధికారి ఎదుట చేసి చూపాలనీ, బయలుదేరే ముందు ప్రతిసారీ అపాయాన్ని లెక్కగట్టాలనీ విధించాయి.

నేల మీద కూడా ఏర్పాట్లు ఉండాలి. చదునైన, దీపాలు గల దిగుచోటు, చుట్టూ ఉన్న తీగల, స్తంభాల పటం, ఆ క్షణానికి ఆ లోయలో మేఘం ఎంత ఎత్తున ఉందో చెప్పగల మనిషి కావాలి. అమావాస్యకు, పున్నమికి వేల మంది ఎక్కే సతురగిరి వంటి చోట ఆపద వస్తే నేటికీ ఆధారం డోలీ మోసేవారి భుజాలే. 2024 అక్టోబరులో ఋషికేశ్ ఎయిమ్స్ నుంచి ప్రారంభమైన హెలికాప్టరు అంబులెన్సుకు సంజీవని అని పేరు పెట్టారు. 2025 మే 17న, పట్టపగలే, కేదారనాథ్‌లో దిగబోతూ అది తోక విరిగి నేలకూలింది. లోపలివారు బతికి బయటపడ్డారు.

వైద్య హెలికాప్టర్ల లోకంలో వ్యాపించిన పద్ధతి ఒకటి ఉంది. రాత్రి పిలుపు వచ్చినప్పుడు పైలట్‌కు చోటు చెబుతారు, దూరం చెబుతారు, వాతావరణం చెబుతారు. రోగి ఎవరో, పసిబిడ్డో ముసలివారో, ప్రాణం ఎంతసేపు నిలుస్తుందో మాత్రం చెప్పరు. వెళ్లవచ్చునా అన్న ప్రశ్నకు అతడు ఆకాశాన్ని మాత్రమే చూసి జవాబివ్వాలి. రాదు అన్న జవాబును ఆసుపత్రి మారు ప్రశ్న లేకుండా స్వీకరిస్తుంది, వెంటనే రోడ్డు మీది అంబులెన్సును పిలుస్తుంది.